సముద్రం దాకా అన్నారు

"నీకు ఎంతమంది మామగార్లున్నారు, కోర్నెల్?"

స్మరండ గొంతు పెంచలేదు. వ్యాన్ తాళాలు ఆమె గుప్పిట్లో ఉన్నాయి. వాటికోసం చాపిన చేతిని కోర్నెల్ అలాగే గాల్లో ఉంచి నిలబడిపోయాడు.

ఇద్దరి మధ్యా కాఫీ గిన్నెతో పారస్కివా ఇరుక్కుంది. ఓల్ట్ ఏటి ఒడ్డున ఈ క్యాంపు స్థలం ఆవిడదే. రాత్రి చీకట్లో వచ్చి గుడారాల వెనక ఆగిన బండిని ఆవిడ పొద్దున లేచాకే చూసింది. పిస్తా రంగు ఒళ్ళూ, మీగడ రంగు నెత్తీ, పైకెత్తితే గొడుగులా లేచే కప్పూ ఉన్న ఆ పాతకాలపు వ్యాన్‌ని ఒకసారి చూసినవాళ్ళు ఎక్కడున్నా పోల్చుకుంటారు. అందుకే సంతోషంగా కాఫీ తెచ్చి, "మళ్ళీ ఇటే వచ్చారే. మీ మామగారు బావున్నారా? కిందటి వేసవిలో ఆయన బాగుచేసిన నీళ్ళ మోటారు ఇప్పటికీ ఆడుతోంది" అంది.

కోర్నెల్ ఎవరినో చూసి పొరబడ్డారంటూ నవ్వబోయాడు. పారస్కివాకి రోషం వచ్చింది. పొరబాటేమిటి, మామగారని నువ్వే కదా చెప్పావు, ఆ మూల మంచం వేసి పడుకోబెట్టావు కూడాను అంది. అప్పుడు గానీ ఆవిడ స్మరండ ముఖం చూడలేదు. చూసి, గిన్నె బల్ల మీద పెట్టి, కోళ్ళకి మేత వెయ్యాలని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

కిందటి వేసవిలో ఈ వ్యాన్ క్లుజ్‌లో ఒక షెడ్డులో ఉంది. కనీసం స్మరండకి తెలిసినంతవరకూ. గేర్‌బాక్సు విప్పారు, దగ్గరుండి చూసుకోవాలి అని కోర్నెల్ వారం పైనే ఇంటికి రాలేదు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, ఏ పళ్ళచక్రం అరిగిందో, ఏది దొరకడం లేదో వివరంగా చెప్పేవాడు. ఆమె శ్రద్ధగా వినేది.

"మా నాన్నా?" అంది.

ఆ మాట ఆమె నోట వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. కోర్నెల్ తలూపాడు.

వ్యాన్ లోపల, మడతబల్ల ముందు కూర్చుని, వాళ్ళతోపాటు బయలుదేరిన స్మరండ తల్లి వెటూరియా టమాటాలు కోస్తోంది. తలుపు బార్లా తీసే ఉంది. ఇక్కడి మాటలన్నీ అక్కడికి వినిపిస్తాయి.

*

ఏటి దాకా నడిచి స్మరండ ఒక బండరాయి మీద కూర్చుంది. కోర్నెల్ వెనకే వచ్చాడు. కూర్చోమని ఆమె అనలేదు కాబట్టి నిలబడే చెప్పాడు.

కోర్నెల్ ఒరాడియాలో ట్రామ్ నడుపుతాడు. కిందటి మే నెలలో ఒక ముసలాయన ఎక్కాడట. చివరి స్టాపు వచ్చినా దిగలేదు. మళ్ళీ ఈ చివరికి వచ్చినా దిగలేదు. మర్నాడూ అంతే. సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చునేవాడు. అలా కొన్నాళ్ళయ్యాక కోర్నెల్ ఉండబట్టలేక, ఎక్కడికి వెళ్ళాలి మీరు అని అడిగాడు. "మీ ఇంటికి. కానీ రాలేను" అన్నాడాయన. అని, తన పేరు లాజర్ అని చెప్పాడు.

ఆ వారంలోనే లాజర్ చివరి స్టాపు దగ్గర కుప్పకూలాడు. గుండె. ఆసుపత్రిలో పడుకోబెట్టారు. కాస్త తేరుకున్నాక ఇల్లు చేరతానని మొండికేశాడు. ఇల్లంటే దేశానికి అటు చివర, సముద్రం పక్కన జురిలోవ్కా అనే జాలర్ల ఊరు. రైల్లో పంపితే మధ్యలోనే పోతాడని భయపడి కోర్నెల్ వ్యాన్‌లో మంచం వేసి తీసుకెళ్ళాడు. దారిలో ఇక్కడ రెండు రాత్రులు ఆగాల్సి వచ్చింది. కాస్త ఓపిక రాగానే ఆయన పారస్కివా మోటారు విప్పాడు. డాన్యూబు మీద పూడిక తీసే పడవల్లో జీవితమంతా మెకానిక్కుగా చేసినవాడు; ఆగిపోయిన యంత్రం కనబడితే ఊరుకోలేడు.

"చెప్పొద్దని ఆయనే బతిమాలాడు" అన్నాడు కోర్నెల్. "ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దని మన పెళ్ళికి ముందే నాతో ఒట్టు వేయించుకున్నావు నువ్వు. నేనేం చెయ్యను?"

"ఒట్టు నిలబెట్టుకున్నావన్నమాట."

"వెటకారం వద్దు, స్మరండా."

"పేరు ఎత్తలేదు. మనిషిని మాత్రం నా వ్యాన్‌లో ఎక్కించుకుని దేశం అంతా తిప్పావు."

నా వ్యాన్ అన్నది ఆమె కావాలనే. పదేళ్ళు గ్యారేజీలో ఆ తుప్పు డొక్కుకి కోర్నెల్ రేకులు అతికించాడు, నిజమే. కానీ సీట్లకి తోలు కుట్టింది స్మరండ. నాటకశాలలో దుస్తులు కుట్టే పని ఆమెది. పగలంతా రాజుల అంగీలు కుట్టి, ఇంటికొచ్చి వ్యాన్ పరుపులు కుట్టేది. ఒరాడియా నుంచి బయలుదేరి దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి దాటి, సముద్రంలో కాళ్ళు పెట్టి రావాలని వాళ్ళిద్దరూ ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నారు. ఒక ఏడు ఇంటి కప్పు కారింది. ఒక ఏడు కోర్నెల్ తల్లి మంచాన పడింది. ఈ ఏడు అతనే వచ్చి, "ఇంక వాయిదాల్లేవు, పద. సముద్రం దాకా" అన్నాడు. ఆ చలికాలమంతా ఆమె చుక్కల గుడ్డతో కిటికీ తెరలు కుట్టింది.

ఏటి నీళ్ళు కొండరాళ్ళ మధ్య రొద చేస్తున్నాయి. కాసేపటికి స్మరండ అడిగింది.

"సముద్రం దాకా అన్నావు. ఏ ఊరి సముద్రం?"

కోర్నెల్ కాలితో ఒక గులకరాయిని నీళ్ళలోకి తోశాడు.

"జురిలోవ్కాయేనా?"

"ఆయనకి ఎక్కువ రోజుల్లేవు. ఒక్కసారి నిన్ను చూడాలన్నాడు. చెబితే నువ్వు వ్యాన్ ఎక్కవు."

"ఎక్కను. అందుకని తెరలు కుట్టించావు."

అప్పుడామెకి ఇంకో సంగతి తట్టింది. అది వెంటనే తట్టనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. లాజర్ వెళ్ళిపోయేనాటికి ఆమె బడి చదువు ముగిస్తోంది. కోర్నెల్ అప్పటికి ఆమె జీవితంలోనే లేడు. లాజర్ అతన్ని చూసిందీ లేదు.

"నువ్వు ట్రామ్ నడుపుతావని ఆయనకెలా తెలుసు? ఏ ట్రామో, ఏ దారో ఎవరు చెప్పారు?"

కోర్నెల్ ఏటి వైపు చూశాడు. తరువాత, ఆపుకోలేనట్టు, వ్యాన్ వైపు చూశాడు.

తెరిచిన తలుపులోంచి లోపల కత్తి ఆడటం కనిపిస్తూనే ఉంది. మామగారి ఊసు వచ్చినప్పుడు కూడా ఆ కత్తి ఆగలేదని స్మరండకి ఇప్పుడు గుర్తొచ్చింది.

*

"తిను ముందు" అంది వెటూరియా. "ఖాళీ కడుపుతో ఏం పోట్లాడతావు."

పళ్ళెంలో టమాటాలూ, తెల్ల జున్నూ, రొట్టె ముక్కలూ పొందిగ్గా సర్ది ఉన్నాయి. డెబ్బై ఆరేళ్ళ మనిషి చేతులు వణకలేదు. స్మరండ పళ్ళెం పక్కకి జరిపి ఎదురుగా కూర్చుంది.

"ఎప్పట్నుంచి?"

వెటూరియా తప్పించుకోవాలని చూడలేదు. మోకాళ్ళకి బురద వైద్యం కోసం ఏటేటా శరత్కాలంలో సముద్రానికి దగ్గర్లోని టెకిర్‌గియోల్ వెళ్తుందని అందరికీ తెలిసిందే. స్మరండే స్టేషన్‌కి వచ్చి ఎక్కించేది. ఒక ఏడు అక్కడ వైద్యశాల ముందు బెంచీ మీద ఆయన కనిపించాడట. వీళ్ళని వదిలి ఆయన ఎవరితో కాపురం పెట్టాడో ఆ మనిషి అప్పటికి చనిపోయింది. ఆ ఏడు మాట్లాడుకోలేదు. మరుసటి ఏడు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత వెటూరియా బురద వైద్యానికి సగం రోజులే ఉండి, మిగతా సగం జురిలోవ్కాలో ఉండి వస్తోంది.

"చాలా ఏళ్ళయింది" అని ముగించింది.

స్మరండ తల్లి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఏడుపు వస్తే బావుండును. రాలేదు.

"ఆయన వెళ్ళిపోయిన తర్వాత ఒకసారి తిరిగొచ్చాడు, గుర్తుందా? తలుపు కొట్టాడు. నువ్వు వంటింట్లో తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నావు. నేను వెళ్ళి, మాకు నాన్న లేడు, పొమ్మన్నాను. నా అంతట నేను అన్నానా అది? నీ ఏడుపు చూసి అన్నాను. నీ కోసం అన్నాను. అప్పట్నుంచీ నీ కోపం నేను మోస్తున్నానమ్మా. నువ్వెప్పుడో దింపేసుకుని, చక్కగా రైలెక్కి ఆయన దగ్గర చేపల పులుసు తిని వస్తున్నావు. నాకొక్కమాట చెప్పొద్దూ, ఇంక దించెయ్యవే అని?"

వెటూరియా కత్తిని గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది. బయట పారస్కివా కోళ్ళని పిలుస్తోంది.

"సిగ్గేసింది" అంది చివరికి. "నువ్వు నా కోసం గెంటేసిన మనిషిని నేనే చేరదీశానని నీతో ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"అల్లుడితో చెప్పడానికి మాత్రం ముఖం ఉంది."

"అతను నన్ను అలా చూడడు. నువ్విప్పుడు చూస్తున్నావే, అలా."

కోర్నెల్ తలుపు దగ్గరికి వచ్చి, స్మరండ ఇష్టమెలా ఉంటే అలాగే చేద్దాం, ఇప్పుడే వెనక్కి తిప్పుతానన్నాడు. వెటూరియా అతన్ని వారించింది. ఈసారి వెనక్కి వెళ్తే మళ్ళీ ఇంతదూరం రావడం ఉండదు, ఆయన ఉండడు అంది. వాళ్ళిద్దరూ తన ఎదురుగానే, తన గురించే, తను అక్కడ లేనట్టు మాట్లాడుకోవడం స్మరండ విన్నది. ఎన్నాళ్ళుగానో అలవాటైన మాటలవి. ఇంట్లో తను నాటకశాలకి వెళ్ళగానే ఇలాగే మాట్లాడుకునేవాళ్ళన్నమాట.

ఆమె లేచి ముందు సీట్లోకి వెళ్ళి, స్టీరింగ్ ముందు కూర్చుంది.

"వెళ్దాం" అంది. "మీ ఇద్దరి కోసం కాదు. ఆయన్ని అడగాల్సింది ఒకటుంది."

*

కొండలు దాటాక నేల చదునైపోయింది. బరగాన్ మైదానంలో రోడ్డు తిన్నగా, ఎక్కడా వంపు లేకుండా సాగుతుంది. రెండువైపులా ఎండకి మాడి తలవేలాడేసిన పొద్దుతిరుగుడు చేలు. ఆ వ్యాన్ లారీలకి కూడా దారి ఇచ్చి పక్కన నడిచే రకం. వెనక ఇంజను రొద ముందు కూర్చున్నవాళ్ళ మాటల్ని మింగేస్తుంది. ఆ రోజు మింగడానికి మాటలే లేవు.

ఆగినప్పుడల్లా కోర్నెల్ ఏదో ఒకటి చెయ్యాలని చూశాడు. నూనె చూశాడు. అద్దం తుడిచాడు. ఒకచోట ఇంజను వేడెక్కితే, పక్కనే పుచ్చకాయల కుప్ప ముందు ఆపారు. అతను కాయ కోయించి, మధ్య ముక్క తెచ్చి భార్యకిచ్చాడు. మధ్య ముక్క ఆమెకే ఇవ్వడం అతని అలవాటు. ఆమె అందుకుని పక్కన పెట్టింది. ఈగలు వాలాయి.

"తిట్టు. నాలుగు తిట్టు. ఇలా ఉండకు" అన్నాడతను.

"నీ ట్రామ్ అబద్ధాలేవో నిజాలేవో చూసుకుంటున్నాను. తీరిక లేదు."

"ఒక్కటే అబద్ధం చెప్పాను నీతో, ఇన్నేళ్ళలో."

"రోజూ సాయంత్రం ఫోన్ చేసి గేర్‌బాక్సు గురించి చెప్పావు కోర్నెల్. నేను కాగితం మీద బొమ్మ వేసుకుని మరీ అర్థం చేసుకున్నాను. నాటకశాలలో వడ్రంగిని అడిగాను కూడా, అలాంటి పళ్ళచక్రం ఎక్కడైనా దొరుకుతుందేమోనని. వాడు ఊరంతా వెతికాడు, పాపం."

కోర్నెల్‌కి ఆ సంగతి తెలియదు. తెలిశాక, పుచ్చకాయ తొక్కలు ఏరి చెత్తబుట్టలో వెయ్యడానికి వెళ్ళి, చాలాసేపు తిరిగి రాలేదు.

వెనక సీట్లో వెటూరియా చుక్కల తెర జరిపి బయటికి చూస్తోంది. ఒకటి రెండుసార్లు కూతుర్ని పిలిచింది. నీళ్ళు కావాలా అని ఒకసారి. మోకాళ్ళు పట్టేశాయి, కాస్త ఆపమని ఒకసారి. స్మరండ ఆపింది. చెయ్యి పట్టుకుని దించింది. నాలుగడుగులు నడిపించి మళ్ళీ ఎక్కించింది. అంతసేపూ ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టే పట్టుకుంది. వెటూరియాకి అది తెలుస్తూనే ఉంది.

ఆ రాత్రి రోడ్డు పక్కన ఒక భోజనశాల ఆవరణలో ఆగారు. మర్నాడు పొద్దున డాన్యూబు వంతెన ఎక్కారు. నది వెడల్పుగా, మట్టిరంగులో, ఎక్కడికీ పోనట్టు పడి ఉంది. కింద దూరంగా ఒక పూడిక తీసే పడవ పనిచేస్తోంది. చిన్నప్పుడు అలాంటి పడవ మీద తండ్రి తనని భుజాలకెత్తుకుని నిలబడటం స్మరండకి లీలగా గుర్తుంది. అది నిజంగా జరిగిందో, కల్పించుకుందో ఎవరినీ అడగలేకపోయింది ఇన్నాళ్ళూ. అడగడానికి ఇంట్లో ఆ పేరే లేదు.

వెనక నుంచి వెటూరియా ఆ పడవని చూపించి ఏదో అనబోయింది. స్మరండ వేగం పెంచింది. ఇంజను రొదలో ఆ మాట కలిసిపోయింది.

*

జురిలోవ్కాలో ఇళ్ళన్నీ కిటికీలకి నీలం రంగు వేసుకుని, రెల్లుకప్పులతో, సరస్సు వైపు ముఖం పెట్టి ఉంటాయి. సముద్రం ఆ సరస్సుకి అవతల, ఇసుక తిన్నె దాటాక. కోర్నెల్ దారి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ వ్యాన్ చప్పుడు విని ఒక ముసలాయన ముందే గేటు తీసుకుని బయటికి వచ్చాడు. అల్లుణ్ణి పలకరించబోతున్నట్టు చెయ్యెత్తాడు. స్టీరింగ్ ముందు ఎవరున్నారో చూసి ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దించేశాడు.

స్మరండ దిగింది. మనసులో ఉన్న మనిషి పొడుగాటివాడు. ఎదురుగా ఉన్నాయన ఆమె భుజం దాకా వచ్చాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"లాజర్ గారు మీరేనా?"

పరాయివాళ్ళని అడిగినట్టు ఆమె అడిగిన తీరుకి వ్యాన్‌లోంచి దిగుతున్న వెటూరియా ఒక చేత్తో తలుపు పట్టుకుని ఆగిపోయింది.

"నేనేనమ్మా" అన్నాడాయన. లోపలికి రమ్మన్నాడు. పులుసు పొయ్యి మీద ఉందన్నాడు. ఎండగా ఉందన్నాడు. ఒకదాని మీద ఒకటి, ఆమె కాదనే లోపు అన్నీ చెప్పెయ్యాలన్నట్టు.

దారి పొడుగునా స్మరండ ఈయనకి చెప్పాల్సినవి కూడబెట్టుకుంటూనే వచ్చింది. తల్లి ఒంటరిగా ఎలా బతికిందో, పరీక్షల రోజున తను ఎలా వెళ్ళిందో, జబ్బు పడితే ఎవరు చూశారో. ఆ తల్లి ఇప్పుడు ఈయన గేటు ముందే నిలబడి ఉంది. ఆ మాటల్లో వేడి లేకుండా పోయింది. మిగిలింది తనది మాత్రమే అయినది ఒక్కటి. అది ఆమె ఎవరితోనూ, కోర్నెల్‌తో కూడా, ఎప్పుడూ అనలేదు.

"నా పెళ్ళికి ఎందుకు రాలేదు?"

ముసలాయనకి అర్థం కాలేదు.

"చర్చికి బయలుదేరే ముందు అమ్మానాన్నల్ని క్షమాపణ అడుగుతారు కదా పెళ్ళికూతుళ్ళు. మా మేనమామని కూర్చోబెట్టారు మీ కుర్చీలో. నేను ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గేటు వైపే చూస్తున్నాను. మిమ్మల్ని పొమ్మన్నది నేనే. అయినా ఆ ఒక్కరోజు వస్తారనుకున్నాను. వస్తే లోపలికి రమ్మనాలనుకున్నాను. ఎందుకు రాలేదు?"

"వచ్చానమ్మా" అన్నాడు లాజర్.

ఆయన గొంతులో తప్పు పట్టడం లేదు. తెలిసిన సంగతిని ఎందుకు అడుగుతున్నారో తెలియని తికమక ఉంది.

"రెండు రైళ్ళు మారి వచ్చాను. గేటు బయట అక్రోటు చెట్టు కింద నిలబడ్డాను. లోపల వాయిద్యాలు వినిపిస్తున్నాయి. నా ముఖం కనబడితే పెళ్ళి ఆపేస్తానన్నావటగా నువ్వు. నీ పెళ్ళి ఆపుతానా నేను? వెనక్కి వెళ్ళిపోయాను. ఎప్పుడూ నీ మీద కోపం పెట్టుకోలేదు. అలా అనే హక్కు నీకుంది."

"నేనలా అన్నానని ఎవరు చెప్పారు?"

లాజర్ వెంటనే చెప్పబోయి, ఆ చెప్పడంలో ఏముందో అప్పుడే తెలిసినట్టు ఆగాడు. ఆయన కళ్ళు మాత్రం ఆగలేదు. కూతురి భుజం మీంచి వ్యాన్ తలుపు దగ్గరికి వెళ్ళాయి.

స్మరండ వెనక్కి తిరిగింది.

వెటూరియా వ్యాన్ మెట్టు మీద కూలబడి ఉంది. కోర్నెల్ ఆవిడ పక్కన నిలబడి, ఇది తనకి తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. నిజంగానే అతనికి తెలియదు. ఆ క్షణాన అది స్మరండకి ఏమాత్రం పనికిరాలేదు.

"అమ్మా. నేనలా అన్నానా?"

"లేదు" అంది వెటూరియా.

గాలికి రెల్లు కదులుతోంది. లాజర్ ఒకడుగు ముందుకు వేసి, పాత సంగతులు ఇప్పుడెందుకు, ఎండలో నిలబడొద్దు అన్నాడు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ అది వినిపించుకోలేదు.

"ఆ రోజు పొద్దుటి నుంచీ నీ కళ్ళు గేటు మీదే ఉన్నాయి" అంది వెటూరియా. "నేను చూస్తూనే ఉన్నాను. అతను లోపల అడుగు పెడితే నువ్వు పరిగెత్తుకెళ్ళేదానివి. అతను పోయాక ఒంటిచేత్తో నిన్ను నిలబెట్టాను, పెళ్ళి దాకా తెచ్చాను. ఆ ఒక్కరోజూ అతని చేతిలో పడిపోతుందేమోనని భయమేసింది. చెట్టు కింద అతన్ని చూసి, వెళ్ళి అలా చెప్పేశాను. చెప్పాక, అది అబద్ధమని ఇక ఎవరికీ చెప్పలేకపోయాను."

"నేను ఎదురుచూస్తున్నానని నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి, సాయంత్రం నా పక్కన కూర్చుని, చూశావా, కూతురి పెళ్ళికైనా రాలేదు మీ నాన్న అన్నావు. ఇద్దరం ఏడ్చాం."

వెటూరియా చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూస్తోంది. నిన్న పొద్దున టమాటాలు కోసినప్పుడు నిలకడగా ఉన్న చేతులు ఇప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

స్మరండ వ్యాన్ దగ్గరికి నడిచింది. తల్లిని తాకకుండా చుట్టూ తిరిగి, వెనక తలుపు తీసి, రెండు సంచులు దించి మట్టిలో పెట్టింది. ఒకటి వెటూరియాది. ఒకటి కోర్నెల్‌ది. కోర్నెల్ ఏం చేస్తున్నావని అడిగాడు. ఈ బండి నీ ఒక్కదాని మాట వినదు, మూడో గేరు పట్టేస్తుంది, నన్నైనా రానీ అన్నాడు.

"గేర్‌బాక్సు సంగతి నాకు చెప్పకు" అందామె.

తల్లి చెయ్యి పట్టుకుని మెట్టు మీంచి లేపింది. లేపి, ఆ చేతిని తీసుకెళ్ళి కోర్నెల్ చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకరికొకరు బాగానే సరిపోతారన్నట్టు ఒక్క క్షణం వాళ్ళని చూసింది. తరువాత గేటు వైపు తిరిగింది.

"నాన్నా. ఎక్కు."

లాజర్ నమ్మలేదు. వెటూరియా వంక చూశాడు.

"ఆవిణ్ణి అడగకు. నన్ను చూడు. నాతో వస్తావా, రావా?"

ముసలాయన గేటు వేశాడు. వేసిన గేటు మళ్ళీ తెరుచుకుంటే పట్టించుకోలేదు. చకచకా రాబోయి తడబడి, వ్యాన్ పట్టుకుని నిలదొక్కుకుని, ముందు సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. స్మరండ ఇంజను తిప్పింది. మూడో గేరు ఒకసారి మొరాయించి పడింది. అద్దంలో కోర్నెల్ నాలుగడుగులు పరిగెత్తి ఆగిపోవడం కనిపించింది. అతని వెనక వెటూరియా నిలబడి ఉంది. తరువాత దుమ్ము తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఊరు దాటి, సరస్సు పక్కగా, ముందు కొండ మీద పాత కోట రాళ్ళు కనిపించేదాకా ఆమె ఆపకుండా నడిపింది. అప్పుడు లాజర్ భయంభయంగా, ఎక్కడికమ్మా అన్నాడు.

"తెలీదు. దారి ఉన్నంతవరకూ. ఆ రోజు సంగతి చెప్పు నాకు. మొదట్నుంచీ. ఏదీ వదలకుండా. ఏ చొక్కా వేసుకుని వచ్చావు?"

లాజర్ అలవాటుగా చొక్కా జేబు తడుముకున్నాడు. జేబు ఖాళీగా ఉంది. గుండె మాత్రల సీసా వంటింటి కిటికీలోనే ఉండిపోయింది. ఎండెక్కేలోపు వేసుకోవాల్సిన మాత్ర ఇంకా వేసుకోలేదు.

చెబితే బండి వెనక్కి తిరుగుతుంది.

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, చిన్నపిల్లలా, జవాబు కోసం ఎదురుచూస్తోంది. జేబు మీది చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"తెల్ల చొక్కా" అన్నాడు. "కొత్తది."